సభ్యుడా, సర్వీసు నంబరా?
విద్యుత్ సహకార సంఘాల చరిత్రలో ఒక ప్రశ్న

జవళగిరి కృష్ణగిరి జిల్లా డెంకణికోట తాలూకాలో, తళికి చేరువగా, కర్ణాటక సరిహద్దు వైపు అడవి అంచున ఉన్న ఊరు. ఆ ప్రాంతంలో తెలుగు, కన్నడం, తమిళం మూడూ వినవస్తాయి. బావి, మోట, పంపుసెట్టు వ్యవసాయాలకు సంబంధించిన పదాలను సేకరించే నిమిత్తం మేము ఒకప్పుడు ఆ వైపు తిరిగాం. మోట పోయి మోటారు వచ్చినప్పుడు ఏ పాత మాటలు మిగిలాయి, ఏ కొత్త మాటలు చేరాయి అన్నది అప్పటి మా ఆసక్తి. ఒక పెద్దాయన తన బావి దగ్గర కూర్చుని మా ప్రశ్నలకు ఓపికగా జవాబులు చెప్పి, చివరకు తానే ఒక సంగతి ఎత్తారు. ఆయన కూతురిని కుప్పం పక్క పల్లెకు ఇచ్చారట. "మాకు కరెంటు బోర్డోళ్ళది. మా బిడ్డోళ్ళకు కరెంటు వాళ్ళదేనంట, షేరు కట్టినారంట. ఎవురిదైతే ఏమి సామీ, పోయినప్పుడు రెండుపక్కలా చీకటే గదా!" అన్నారు.

మేము పదాల కోసం వెళ్ళి ప్రశ్నతో తిరిగివచ్చాం. కరెంటు "వాళ్ళదే" కావటం అంటే ఏమిటి? తీగలకూ స్తంభాలకూ ఊరివారే యజమానులైనప్పుడు ఆ యాజమాన్యం ఎక్కడ కనబడాలి? రెండువైపులా చీకటి ఒకటే అయితే, షేరు కట్టినవారికి దక్కింది ఏమిటి? ఈ వ్యాసంలో మేము ఆ ప్రశ్నను చరిత్ర మీదుగా పరిశీలించదలచాం.

1. రెండు దారులు

జవళగిరికి కరెంటు వచ్చిన దారి ప్రభుత్వపు దారి. మద్రాసు రాజధానిలో 1927లో ప్రభుత్వ విద్యుచ్ఛక్తి శాఖ ఏర్పడింది. 1932లో పైకారా, 1937లో మేట్టూరు జలవిద్యుత్ కేంద్రాలు పనిచేయసాగాయి. 1957లో ఆ శాఖ స్థానంలో విద్యుచ్ఛక్తి మండలి వచ్చింది. దానినే జనం ఇన్నేళ్ళుగా "బోర్డు" అంటున్నారు. 2010లో ఆ మండలిని విడదీసి కంపెనీలుగా మార్చారు. 2024లో మళ్ళీ పునర్వ్యవస్థీకరించారు. అయినా పల్లెలో "బోర్డు" అన్న మాట చెక్కుచెదరలేదు. ఈ దారిలో పంపుసెట్లకు కరెంటు ఇవ్వటంలో తమిళనాడు దేశంలో ముందువరుసలో నిలిచింది. 1990 నుంచి రైతులందరికీ వ్యవసాయానికి ఉచితంగా ఇస్తున్నది. ప్రభుత్వపు దారి చీకటి దారి అని మేము అనటం లేదు.

రెండవది సహకారపు దారి. దేశంలో అది 1969 ప్రాంతంలో మొదలైంది. బి. వెంకటప్పయ్య అధ్యక్షతన రిజర్వు బ్యాంకు నియమించిన అఖిల భారత గ్రామీణ పరపతి సమీక్షా సంఘం, గ్రామాల విద్యుదీకరణకు ప్రత్యేకంగా ఒక సంస్థ కావాలని సిఫారసు చేసింది. 1969లో గ్రామీణ విద్యుదీకరణ కార్పొరేషన్ ఏర్పడింది. అమెరికా గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల సమాఖ్య సలహాతో, పి.ఎల్. 480 కింద దేశంలో పోగుపడిన రూపాయి నిధుల అండతో, అయిదు ప్రయోగాత్మక సంఘాలు ఎంపికయ్యాయి: ఆంధ్రప్రదేశ్‌లో సిరిసిల్ల, మైసూరు రాష్ట్రంలో హుక్కేరి, మహారాష్ట్రలో ముళా-ప్రవరా, గుజరాత్‌లో కోడినార్, ఉత్తరప్రదేశ్‌లో లక్నో. ఆ తరువాత ఆంధ్రప్రదేశ్‌లో అనకాపల్లి, చీపురుపల్లి, కుప్పం, రాయచోటి, కదిరి వంటి చోట్ల కూడా ఇటువంటి సంఘాలు వెలిశాయి. కుప్పం కృష్ణగిరి జిల్లా సరిహద్దును ఆనుకొని ఉన్నది. మా పెద్దాయన కూతురి కరెంటు ఆ సంఘానిది. అక్కడివారు దానిని "రెస్కో" అంటారు.

సిరిసిల్లలో సహకార విద్యుత్ సరఫరా సంఘం పేరు "సెస్". ఇక్కడ ఒక భాషావిషయం చెప్పుకోవాలి. తక్కిన తెలుగుదేశంలో సెస్ అంటే పన్ను మీద పన్ను, జనం నుంచి వసూలు చేసేది. సిరిసిల్లలో సెస్ అంటే జనం తమదనుకునే సంస్థ. ఒకే ధ్వని, రెండు వ్యతిరేకార్థాలు. ఆ సంస్థ జనానిదిగా ఉన్నంతకాలం మాత్రమే ఈ తేడా నిలుస్తుంది. అది పోయిననాడు రెండర్థాలూ ఒకటైపోతాయి.

2. సభ నుంచి సభ్యుడు

సహకార సంఘం నియమం 1844లో ఇంగ్లండులోని రాచ్‌డేల్‌లో స్థిరపడింది: ఎన్ని వాటాలున్నా మనిషికి ఒకే ఓటు. అంతర్జాతీయ సహకార సమాఖ్య 1995లో మాంచెస్టరులో ప్రకటించిన ఏడు సూత్రాలలో రెండవది సభ్యుల ప్రజాస్వామిక అదుపు, నాలుగవది సంఘపు స్వాతంత్ర్యం. మన దేశంలో ఫ్రెడరిక్ నికల్సన్ మద్రాసు ప్రభుత్వానికి 1890లలో సమర్పించిన నివేదిక, దాని వెనుక 1904 నాటి పరపతి సంఘాల చట్టం ఈ ఆలోచనకు దారి వేశాయి. అయితే రాచ్‌డేల్‌లో జనం తమంత తాము కలిసి అంగడి పెట్టుకున్నారు. మన దగ్గర చట్టం ముందు వచ్చింది, రిజిస్ట్రారు వచ్చాడు, సంఘం తరువాత వచ్చింది. ఈ వరుస మారటం వల్ల కలిగిన ఫలితాలు నేటికీ తీరలేదు.

నియమం బయటినుంచి వచ్చినా భావం మనకు కొత్తది కాదు. కాంచీపురం వైపున్న ఉత్తరమేరూరులో, పదవ శతాబ్ది తొలిపాదంలో, పరాంతక చోళుని కాలంలో చెక్కించిన శాసనాలలో గ్రామసభకు సంఘాలను ఎన్నుకొనే పద్ధతి వివరంగా ఉన్నది. అంతకుముందు సంఘంలో పనిచేసి లెక్క అప్పగించనివాడు మళ్ళీ ఎన్నికకు అర్హుడు కాడు. వాని దగ్గరి బంధువులు కూడా కారు. అది బ్రాహ్మణ అగ్రహారపు సభ. భూమి, వయస్సు, చదువు ఉన్నవారికే అందులో చోటు. నేటి అర్థంలో దానిని ప్రజాస్వామ్యం అనటం అతిశయోక్తి. కాని "లెక్క చెప్పనివాడికి పదవి లేదు" అన్న సూత్రాన్ని అంత సూటిగా చెప్పిన శాసనం మన నేల మీదనే ఉన్నదని గుర్తుచేయటం అప్రస్తుతం కాదు.

"సభ్యుడు" అన్న మాటను చూడండి. సభకు తగినవాడు, సభలో ఉండేవాడు సభ్యుడు. సభ లేనిదే సభ్యుడు లేడు. మన సహకార సంఘాలలో సర్వసభ్య సమావేశాన్ని "మహాజన సభ" అంటారు. చక్కని మాట. 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సహకార సంఘాల చట్టం ప్రకారం సంఘంలో సర్వాధికారం మహాజన సభదే. పాలకవర్గం దాని తరఫున పనిచేసేది మాత్రమే. కాగితం మీద ఇంతకన్న స్పష్టత అక్కరలేదు.

మరి ఆచరణలో అదుపు ఎక్కడ జారిపోయింది?

3. మూడు పట్టులు

సభ్యుని చేతిలో మూడు పట్టులు ఉంటాయి: సభ్యత్వ జాబితా, మహాజన సభ, లెక్కల తనిఖీ. ఓటు ఎవరికి ఉన్నదో జాబితా చెబుతుంది. పాలకవర్గాన్ని నిలదీయటానికి సభ చోటిస్తుంది. నిలదీయటానికి కావలసిన సరుకు తనిఖీ నివేదిక ఇస్తుంది. ఈ మూడింటిలో ఏ ఒకటి సడలినా తక్కిన రెండూ పనికిరావు.

విద్యుత్ సంఘంలో ఇంకొక ప్రత్యేకత ఉన్నది. పాల సంఘం నచ్చకపోతే రైతు పాలు ప్రైవేటు కేంద్రానికి పోయవచ్చు. పరపతి సంఘం నచ్చకపోతే బ్యాంకుకో షావుకారుకో పోవచ్చు. కరెంటు సంఘం నచ్చకపోతే పోవటానికి మరొక చోటు లేదు. ఊరికి ఒకటే తీగ. వదిలిపోయే దారి లేనివానికి మాట్లాడే దారి ఒక్కటే మిగులుతుంది. కాబట్టి తక్కిన సంఘాలకంటె విద్యుత్ సంఘానికి మహాజన సభ మరింత అవసరం. పైగా ఇక్కడ సభ్యుడు సహకార సిద్ధాంతం నచ్చి చేరలేదు. కనెక్షను కావాలి, కనెక్షనుతోపాటు వాటా డబ్బు కట్టాడు. తాను యజమాని అయ్యానని అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పినా, అతని చేతికి వచ్చిన కాగితం మీద ఉన్నది సర్వీసు నంబరు.

ఇక పాలకవర్గం వైపు నుంచి చూద్దాం. అది ఏమి నిర్ణయించగలదు? కరెంటును టోకుగా కొనే ధర దాని చేతిలో లేదు. అమ్మే ధర కూడా లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 1998 సంస్కరణల చట్టం తరువాత 1999లో నియంత్రణ మండలి ఏర్పడింది. ధరలను నిర్ణయించే అధికారం దానిది. సబ్సిడీ ఎంతో, ఎప్పుడో ప్రభుత్వం చెబుతుంది. మేనేజింగ్ డైరెక్టరూ పెద్ద ఇంజనీర్లూ డెప్యుటేషను మీద రావటం పరిపాటి. మిగిలినవి సిబ్బంది నియామకాలు, కాంట్రాక్టులు, సామాను కొనుగోళ్ళు, మరమ్మతులు, వసూళ్ళు. నిర్ణయాధికారం వీటికే పరిమితమైనప్పుడు ఎన్నికల పోటీ కూడా వీటి చుట్టూనే తిరగటంలో వింత లేదు. 2022 డిసెంబరులో సిరిసిల్ల సంఘంలో 15 డైరెక్టరు స్థానాలకు జరిగిన ఎన్నిక శాసనసభ ఎన్నికను తలపించింది. రాజకీయ పక్షాలు బహిరంగంగానే అభ్యర్థులను బలపరచాయి. దానిని మేము తప్పుబట్టబోము. పోటీ లేని ఎన్నికకంటె పోటీ ఉన్న ఎన్నిక మేలు. అయితే ఎన్నిక అయిదేళ్ళకొకసారి. లెక్క ఏటేటా చెప్పవలసింది.

ఉచిత విద్యుత్తు ఈ సంబంధాన్ని మరొక మలుపు తిప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. రైతుకు అది ఎంత ఆదరువో చెప్పనక్కరలేదు. మెట్ట ప్రాంతపు బావి కింద సేద్యం చేసేవానికి అది ప్రాణం. కాని సంఘానికి అందులో ఒక సూక్ష్మమైన నష్టం ఉన్నది. బిల్లు ఒక బంధం. బిల్లు కట్టేవాడు "నా డబ్బు ఏమైంది?" అని అడుగుతాడు. ఆ డబ్బు రైతు నుంచి కాక ప్రభుత్వం నుంచి వచ్చినప్పుడు పాలకవర్గం చూపు ఊరినుంచి రాజధాని వైపు మళ్ళుతుంది. కూలి ఇచ్చేవాడికే జవాబు అన్నది లోకరీతి. సిరిసిల్లలో మరమగ్గాలకు ఇచ్చే రాయితీకి కూడా ఇదే వర్తిస్తుంది. రాయితీ మగ్గానికి అవసరం, అందులో సందేహం లేదు. అది ఆలస్యమైతే భారం మాత్రం సంఘం లెక్కల మీద పడుతుంది.

లెక్కలు చెడితే ఏమవుతుందో ముళా-ప్రవరా చరిత్ర చెబుతుంది. తొలి అయిదింటిలో అదొకటి. ఏళ్ళ తరబడి రాష్ట్ర విద్యుత్ సంస్థకు పడిన బకాయి కొండలా పెరిగింది. చివరకు 2011 జనవరిలో లైసెన్సు గడువు ముగిసినప్పుడు, ఆ ప్రాంతపు పంపిణీ రాష్ట్ర సంస్థ చేతికి పోయింది. మన రాయచోటి, కదిరి సంఘాలు కూడా తరువాతి కాలంలో పంపిణీ సంస్థలలో కలిసిపోయాయి. ఒక సంఘం ఇలా ముగిసినప్పుడు వాటా కట్టిన మనిషి ఒక్క రోజులో యజమాని నుంచి వినియోగదారు అవుతాడు. ఆ మార్పు తెలియకుండానే జరిగిపోతే, అతడు అంతకుముందు కూడా యజమాని కాడనే అర్థం చేసుకోవాలి.

4. అమెరికా అనుభవం

సలహా ఇచ్చినవారి ఇంట్లో ఏమి జరిగిందో కూడా చూడటం న్యాయం. 1930లలో అమెరికా పల్లెల్లో పదిళ్ళలో తొమ్మిదింటికి కరెంటు లేదు. ప్రైవేటు కంపెనీలు లాభం లేదని రాలేదు. 1935లో రూజ్వెల్ట్ గ్రామీణ విద్యుదీకరణ సంస్థను నెలకొల్పాడు. 1936లో చట్టం వచ్చింది. రైతులు సంఘాలుగా చేరి ప్రభుత్వపు అప్పుతో తీగలు వేసుకున్నారు. రెండు దశాబ్దాలు తిరగకముందే పల్లెల్లో చాలావరకు వెలుగు వచ్చింది. ఆ సంఘాలు నేటికీ వందల సంఖ్యలో పనిచేస్తున్నాయి.

అక్కడ ప్రభుత్వం పాలకవర్గాలను రద్దు చేయలేదు. అయినా అదుపు జారింది. టెక్సాస్‌లోని పెడెర్నాలెస్ సంఘం 1938 నాటిది, దేశంలోనే పెద్దదిగా పేరుపడ్డది. అందులో అభ్యర్థులను ప్రతిపాదించే సంఘాన్ని పాలకవర్గమే నియమించేది. అంటే ఉన్నవారు తమ వారసులను తామే ఏర్చుకునేవారు. సభ్యుల ఓటు నామమాత్రం. 2007లో కొందరు సభ్యులు న్యాయస్థానానికి ఎక్కారు. జీతభత్యాలు, ఖర్చులు బయటపడ్డాయి. 2008 నుంచి పోటీ ఎన్నికలు వచ్చాయి, సమావేశాలనూ రికార్డులనూ సభ్యులకు తెరిచే నియమాలు వచ్చాయి.

ఈ రెండు దేశాల అనుభవాన్ని పక్కపక్కన పెడితే ఒక విషయం తేలుతుంది. అమెరికాలో పాలకవర్గం తనలో తాను మూసుకుపోయింది. మన దగ్గర పాలకవర్గం పైకి తెరుచుకున్నది, కిందికి మూసుకున్నది. దారులు వేరైనా సభ్యుడు రెండుచోట్లా గడప బయటే నిలబడ్డాడు. అక్కడ తలుపు తీసినవారు సభ్యులే అన్నది గమనార్హం.

5. చట్టం ఇచ్చినది, తీసుకున్నది

మన చట్టాలలో సభ్యుని రక్షణకు ఉద్దేశించినవి లేకపోలేదు. 1964 చట్టంలో 51వ సెక్షను విచారణకు, 60వ సెక్షను సంఘానికి నష్టం కలిగించినవారినుంచి ఆ సొమ్ము రాబట్టటానికి ఉద్దేశించినవి. అయితే అదే చట్టంలో 34వ సెక్షను పాలకవర్గాన్ని రద్దు చేసే అధికారం ఇచ్చింది. గడువు తీరినా ఎన్నిక జరగని చోట "పర్సన్ ఇన్‌చార్జి" వస్తాడు. ఇంగ్లీషు మాటను తెలుగు పత్రికలు అలాగే వాడటం గమనించండి. దానికి తెలుగు పుట్టలేదు. సభ ఎన్నుకోని మనిషికి సభ భాషలో పేరు లేకపోవటం సహజమే. తమిళనాడులో కూడా సహకార సంఘాల పాలకవర్గాలను పలుమార్లు తొలగించి ప్రత్యేకాధికారులను నియమించిన చరిత్ర ఉన్నది.

ఈ పరిస్థితికి విరుగుడుగా 1995లో ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వచ్చింది. ప్రభుత్వ వాటా లేకుండా, తమ ఉపవిధులను తాము రాసుకొని, తమ ఎన్నికలను తామే జరుపుకొనే సంఘాలకు అది వీలు కల్పించింది. దేశంలో అటువంటి చట్టానికి అదే ఆద్యం. 2012లో అమలులోకి వచ్చిన 97వ రాజ్యాంగ సవరణ సహకార సంఘాలు ఏర్పరచుకోవటాన్ని ప్రాథమిక హక్కుల సరసన చేర్చింది. పాలకవర్గంలో 21 మందికి మించరాదని, గడువు అయిదేళ్ళని, ఆర్థిక సంవత్సరం ముగిసిన ఆరు నెలలలో మహాజన సభ జరగాలని చెప్పింది. 2021 జూలైలో సుప్రీంకోర్టు, రాష్ట్రాల ఆమోదం తీసుకోలేదన్న కారణంతో, రాష్ట్ర స్థాయి సంఘాలకు సంబంధించి ఆ వివరమైన భాగం చెల్లదన్నది. రాష్ట్రాల అధికారం కాపాడబడింది. సభ్యుని సంగతి మళ్ళీ రాష్ట్ర చట్టాల మంచితనానికి మిగిలింది.

విద్యుత్ వైపునుంచి 2003 చట్టం 13వ సెక్షను కింద, సహకార సంఘాలకు లైసెన్సు నుంచి మినహాయింపు ఇవ్వవచ్చు. కుప్పం సంఘం విషయంలో 2021లో ఈ మినహాయింపు ప్రశ్నే ముందుకు వచ్చి, పంపిణీ సంస్థలో కలిపివేస్తారన్న ఆందోళన ఆ ప్రాంతంలో చెలరేగింది. అప్పుడు మాకు తట్టిన ప్రశ్న ఇది: ఒక సంఘం ఉండాలా వద్దా అన్న విషయంలో ప్రభుత్వం, నియంత్రణ మండలి, పంపిణీ సంస్థ, రాజకీయ పక్షాలు అందరూ మాట్లాడవచ్చు. మహాజన సభ ఏమన్నదని అందరికంటె ముందు అడగవద్దా?

6. మాట అందకపోతే లెక్క అందదు

భాషాశాస్త్రం చదువుకున్నవాళ్ళం కనుక చివరగా మాకు తెలిసిన కోణం ఒకటి చెబుతాం. "సర్‌ఛార్జి" అన్న మాట ఉన్నది. కరెంటు బిల్లు మీద సర్‌ఛార్జి అంటే గడువు దాటితే సభ్యుడు కట్టవలసిన అదనపు సొమ్ము. సహకార చట్టంలో సర్‌ఛార్జి అంటే సంఘం సొమ్ము పాడుచేసిన డైరెక్టరో ఉద్యోగో తన జేబులోనుంచి కట్టవలసిన సొమ్ము. మొదటి అర్థం తెలియని పల్లెవాసి లేడు. రెండవ అర్థం తెలిసినవారు ఎంతమంది? ఒకే మాటలో సభ్యుని బాధ్యతా, పాలకవర్గపు బాధ్యతా రెండూ ఉన్నాయి. జనం నాలుక మీదికి వచ్చింది మాత్రం మొదటిదే.

మహాజన సభకు నోటీసు పంపటం అంటే కాగితం గోడకు అంటించటం కాదు. లెక్కల తనిఖీ నివేదిక సభ్యుని చేతికి, సభ్యుడు మాట్లాడే భాషలో, ఒక పుటకు మించకుండా చేరాలి: ఎంత కరెంటు కొన్నాం, ఎంత అమ్మాం, దారిలో ఎంత పోయింది, ఎవరు ఎంత బాకీ, కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్లు ఎన్ని, ఎన్నాళ్ళకు మార్చాం. కుప్పం వంటి సరిహద్దు సీమలో అది తెలుగుతోపాటు తమిళంలోనూ కన్నడంలోనూ కూడా ఉండవలసి రావచ్చు. ఇది పెద్ద ఖర్చు కాదు.

జవళగిరి పెద్దాయనకు కూడా కొన్ని హక్కులు ఉన్నాయి. 2003 చట్టం ప్రకారం ప్రతి పంపిణీ సంస్థా వినియోగదారుల ఫిర్యాదుల వేదిక నెలకొల్పాలి. దానిపైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉంటారు. ఆయన ఫిర్యాదు చేయవచ్చు. ఆయన కూతురు ఫిర్యాదు చేయవచ్చు, ఆపైన ఓటు వేయవచ్చు, లెక్క అడగవచ్చు, తానే నిలబడవచ్చు. చీకటి రెండుపక్కలా ఒకటే అన్న ఆయన మాట నిజం. కాని ఆ చీకటి ఎందుకు వచ్చిందో సభలో నిలబడి అడిగే హక్కు ఒక పక్కనే ఉన్నది. అడగకపోతే ఆ హక్కు షేరు రసీదుతోపాటు పెట్టె అడుగున పడి ఉంటుంది.

ఆనాడు మేము ఆయనకు ఈ జవాబు చెప్పలేకపోయాం. మా నోటు పుస్తకంలో "మోట" కింద పదకొండు మాటలు రాసుకున్నాం. "సభ్యుడు" అన్న మాట ఆయన నోట ఒక్కసారి కూడా రాలేదని తరువాత పుటలు తిప్పుతుంటే గమనించాం.